సోడియం ఎందుకు పేలుతుందో పిల్లల్ని అడగనివ్వండి

సోడియం ముక్కను నీళ్లలో వేస్తే ఏమవుతుందని హైదరాబాద్‌లో ఏ ఇంటర్ విద్యార్థిని అడిగినా తడుముకోకుండా చెబుతారు. సమీకరణం రాస్తారు, తుల్యం చేస్తారు, హైడ్రోజన్ పక్కన పైకి బాణం గుర్తు పెడతారు. లిథియం నుంచి సీజియం దాకా చర్య తీవ్రత పెరుగుతుందనీ, అయనీకరణ శక్తి, అంటే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావలసిన శక్తి, తగ్గడమే దానికి కారణమనీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. మరి ఎందుకు పేలుతుందని అడగండి. "హైడ్రోజన్ అంటుకుంటుంది కాబట్టి" అంటారు. వాళ్లలో చాలామంది సోడియాన్ని కళ్లారా చూసి ఉండరు. ఆ చివరి జవాబు చాలదన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని నా నమ్మకం. చూడని పిల్లలకు అనుమానం రాదు. అనుమానం రాని పిల్లలకు ఏ జవాబు ఇచ్చినా సరిపోతుంది.

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం నా పని. కుదిరిన ప్రతి ఏడూ ఆ చర్యను వాళ్ల ముందు చేసి చూపిస్తాను. కిరోసిన్ సీసాలోంచి పట్టకారుతో ముక్కను తీసి, చాకుతో కోస్తే, లోహం ఇంత మెత్తగా తెగడం ఏమిటని మొదటి ఆశ్చర్యం. కోసిన చోట వెండిలా మెరిసింది కాస్తా చూస్తుండగానే మసకబారిపోవడం రెండో ఆశ్చర్యం. బియ్యపు గింజంత ముక్కను ఫిల్టర్ పేపర్ మీద ఒత్తి, కిరోసిన్ తుడిచి, వెడల్పాటి గాజు తొట్టెలోని నీళ్ల మీద వేస్తాను. నీళ్లలో ముందే రెండు చుక్కల ఫినాఫ్తలీన్ కలిపి ఉంటుంది, క్షారం పుట్టిన చోట గులాబీ రంగుకు తిరిగే సూచిక అది. ముక్క కరిగి గుండ్రటి పూసవుతుంది, బుసకొడుతూ అటూ ఇటూ పరుగెడుతుంది, వెళ్లిన దారంతా గులాబీ రంగు చారలు వదులుతుంది. ఒక్కోసారి పసుపు మంట కనిపిస్తుంది. ఒక్కోసారి ఏ మంటా లేకుండానే చివర్లో టప్‌మని పేలుతుంది. పొటాషియం అయితే ఎదురుచూసే పనే లేదు, నీళ్లను తాకగానే లేత ఊదా మంట.

ఒకసారి ముందు బెంచీలోని ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, లోహానికీ నీళ్లకీ మధ్య గ్యాస్ వచ్చేస్తోంది కదా. ఇక నీళ్లు తగలకూడదు కదా. మరి చర్య నెమ్మదించాలి గానీ, పేలడమేంటి?"

ఆ అమ్మాయికి తెలియదు గానీ, రెండు శతాబ్దాలుగా రసాయన శాస్త్రం ముందు ఉన్న ప్రశ్న అదే. ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1807లో కరిగించిన పొటాష్ అనే పొటాషియం క్షారంలోకి విద్యుత్తు పంపి పొటాషియాన్ని వేరుచేశారు, కొద్ది రోజులకే సోడియాన్ని కూడా. ఆ మెరిసే పూసలు కనిపించినప్పుడు ఆయన గదిలో గంతులు వేశారని పక్కనే ఉన్న బంధువు ఎడ్మండ్ డేవీ చెప్పారు. ఈ లోహాలు నీళ్లతో ఎలా ప్రవర్తిస్తాయో ఆ రోజుల్లోనే తెలిసిపోయింది. అప్పటినుంచి ప్రతి తరం వాటిని నీళ్లలో వేసి చూసింది, వివరణ కూడా పక్కనే సిద్ధంగా ఉంది: చర్య వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి హైడ్రోజన్ అంటుకుంటుంది, అందుకే పేలుతుంది. హైడ్రోజన్ అంటుకునే మాట నిజమే. పసుపు మంటా, ఊదా మంటా దానివే, లోహపు ఆవిరి రంగు పులుముకున్నవి. కానీ మంట వేరు, ముక్క ఛిన్నాభిన్నం కావడం వేరు.

ఆ అమ్మాయి ప్రశ్నలోని బలం చూడండి. చర్య జరగాలంటే లోహమూ నీళ్లూ తాకాలి. తాకిన చోట హైడ్రోజన్ పుడుతుంది, వేడికి నీటి ఆవిరి కూడా పుడుతుంది. బాగా కాలిన దోసె పెనం మీద చల్లిన నీటి చుక్క వెంటనే ఇగిరిపోకుండా తన ఆవిరి మీదే తేలుతూ దొర్లుతుంది కదా, ఇక్కడా అలాంటి పొరే ఏర్పడాలి. అంటే చర్య తన దారికి తానే అడ్డుగోడ కట్టుకుంటుంది. మామూలు పేలుడు పదార్థాల్లో కావలసిన దినుసులన్నీ ముందే ఒకచోట కలిసిపోయి ఉంటాయి. ఇక్కడ రెండూ వేర్వేరు, మధ్యలో గ్యాస్. తర్కం ప్రకారం బుసకొట్టి ఊరుకోవాలి. అలా ఊరుకోవడం లేదంటే, అడ్డుగోడ లేచేలోపే ఇంకేదో జరుగుతోందన్నమాట.

ఆ ఇంకేదో ఏమిటన్నది 2015లో తేలింది. ప్రేగ్‌లోని చెక్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఫిలిప్ మేసన్, పావెల్ యుంగ్‌విర్త్ బృందం జర్మన్ సహచరులతో కలిసి సెకనుకు వేల ఫ్రేములు తీసే కెమెరాతో ఈ చర్యను చిత్రీకరించింది. మేసన్ మొదటి ప్రయోగాలు తన ఫ్లాట్ బాల్కనీలోనే చేశారు. యూట్యూబ్‌లో ఆయన్ని అనుసరించేవాళ్లు ఇచ్చిన డబ్బు కూడా ఈ పనికి తోడైంది. ఘన సోడియం మీద ఆక్సైడ్ పెచ్చు కట్టి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే ఫలితం రాదు. అందుకని సోడియం, పొటాషియం కలిపిన మిశ్రమలోహం వాడారు. అది గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవం, సిరంజిలోంచి చుక్కగా పడుతుంది.

చుక్క నీటిని తాకి ఒక మిల్లీసెకను కూడా పూర్తికాకముందే దాని ఒంటినిండా ముళ్లు లేచి, నీళ్లలోకి దూసుకుపోవడం ఆ చిత్రాల్లో కనిపించింది. మంట పుట్టేది ఆ తర్వాతే. ముళ్లు లేచాయంటే లోహానికీ నీటికీ మధ్య కొత్త ఉపరితలం అమాంతం పెరిగిపోయిందని అర్థం. ఇక గ్యాస్ పొర ఎక్కడ అడ్డుపడుతుంది?

ముళ్లు ఎందుకు లేచాయి? కంప్యూటర్ గణనలు చెప్పింది ఇది: లోహం ఉపరితలం మీదున్న పరమాణువుల్లోంచి సంయోజక ఎలక్ట్రాన్లు, అంటే అన్నిటికన్నా బయటి ఎలక్ట్రాన్లు, పికోసెకన్లలో నీళ్లలోకి దూకేస్తాయి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఎలక్ట్రాన్లు వెళ్లిపోయాక అక్కడ మిగిలేవి పక్కపక్కనే ఇరుక్కున్న ధన అయాన్లు. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని ఎనిమిదో తరగతి నుంచీ చెబుతున్నాం. ఇక్కడ ఆ వికర్షణే లోహాన్ని చీల్చేస్తుంది. ఒక ద్రవ బిందువు ఎంత ఆవేశాన్ని మోయగలదో, ఏ హద్దు దాటితే తలతన్యత (చుక్కను గుండ్రంగా పట్టి ఉంచే ఉపరితల బిగువు) దాన్ని పట్టి ఉంచలేదో 1882లోనే భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కగట్టారు. సోడియం చుక్క ఆ హద్దును దాటేస్తోంది. దీన్ని కూలుంబ్ విస్ఫోటనం అంటారు. మొదటి దెబ్బ విద్యుత్ బలానిది. వేడీ, హైడ్రోజన్, మంటా దాని వెనకాల వచ్చేవి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఎలక్ట్రాన్ల సంగతి. సమీకరణంలో సోడియం ఎలక్ట్రాన్ ఇస్తుంది, నీరు తీసుకుంటుంది అని రాసి ఊరుకుంటాం, మధ్యలో ఏమీ లేనట్టు. నిజానికి ఆ ఎలక్ట్రాన్ కాసేపు ఏ పరమాణువుకూ చెందకుండా, చుట్టూ నీటి అణువులను పోగేసుకుని ఉంటుంది. దాని శోషణ వర్ణపటాన్ని, అంటే అది ఏ రంగుల కాంతిని మింగుతుందో చూపే పట్టీని, 1962లో హార్ట్, బోగ్ అనే శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. అది ఎరుపు కాంతిని మింగుతుంది, అందుకే నీలంగా కనిపిస్తుంది. అలాంటి రెండు ఎలక్ట్రాన్లు నీటి అణువులతో కలిసినప్పుడే హైడ్రోజన్ అణువు, హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి. ప్రేగ్ బృందం 2016లో, పేలకుండా నెమ్మదిగా జరిగేలా చేసిన చర్యలో ఆ నీలాన్ని మామూలు కంటికి కనిపించేలా చూపించింది. 2021లో మరో మెట్టు ఎక్కారు. శూన్యపేటికలో వేలాడే సోడియం–పొటాషియం చుక్క మీదికి నీటి ఆవిరిని అతి పలచగా పంపితే, చుక్క పైన నీటి పొర కొన్ని సెకన్ల పాటు బంగారు రంగులో మెరిసింది. ఎలక్ట్రాన్లు అంత చిక్కగా చేరడంతో నీరే లోహంలా ప్రవర్తించింది. ఇంటర్ పుస్తకంలో ఒక్క లైనుగా ముగిసే చర్యలో ఇంత ఉంది.

ఇక ఆ అయనీకరణ శక్తి క్రమం. లిథియానికి మోలుకు 520 కిలోజౌళ్లు, సోడియానికి 496, పొటాషియానికి 419, సీజియానికి 376. సంఖ్యలు సరైనవే. దీనికి తోడు లిథియం ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ మైనస్ 3.04 వోల్టులు, సోడియానిది మైనస్ 2.71 అని మరోచోట చదువుతారు. ఈ విలువ ఎంత రుణాత్మకమైతే నీళ్లలో ఎలక్ట్రాన్ ఇచ్చే మొగ్గు అంత ఎక్కువ. అంటే అన్నిటికన్నా బలమైన క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చేది) లిథియమే. మరి నీళ్లలో అన్నిటికన్నా నెమ్మదిగా ఉండేదీ అదే. ఇది "అసాధారణ ప్రవర్తన" అన్న శీర్షిక కింద కంఠతా పట్టిస్తాం. ఇందులో అసాధారణం ఏమీ లేదు. ఎంత శక్తి వస్తుందన్నది ఒక లెక్క, ఎంత వేగంగా వస్తుందన్నది మరో లెక్క. నీటితో చర్యలో లిథియం మోలుకు సుమారు 222 కిలోజౌళ్లు విడుదల చేస్తుంది, సోడియం 184, సీజియం 203. ఒక్కో గ్రాముకు చూస్తే తేడా ఇంకా పెద్దది: లిథియం 32 కిలోజౌళ్లు, సోడియం 8, సీజియం ఒకటిన్నర. ఒక గ్రాము లిథియం లీటరున్నర పైచిలుకు హైడ్రోజన్ ఇస్తే, గ్రాము సీజియం ఇచ్చేది 84 మిల్లీలీటర్లే. అయినా లిథియం నీళ్ల మీద నింపాదిగా నురగ కక్కుతూ ఉంటుంది, ఎందుకంటే అది కరగాలంటే 180 డిగ్రీలు దాటాలి. సోడియానికి 98 చాలు. సీజియానికి 28.4, అంటే మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం సీజియం సీసా బల్ల మీద పెడితే దానంతటదే ద్రవంగా మారిపోతుంది. కరిగిన లోహం ముళ్లుగా చీలుతుంది, గట్టి ముక్క చీలదు. పిల్లలకు ఈ సంఖ్యలన్నీ ఇచ్చి, "మరి లిథియం ఎందుకు వెనకబడింది?" అని వదిలేస్తే క్లాసు మొత్తం కొట్లాడుకుంటుంది. ఒక పీరియడ్ పోతుంది. పోనివ్వండి.

"ఇప్పుడు వీడియోలున్నాయి కదా మేడమ్, మళ్లీ ల్యాబ్‌లో ఎందుకు?" అని తోటి లెక్చరర్లు అంటుంటారు. ప్రేగ్ వీడియో నేనూ చూపిస్తాను. మిల్లీసెకనులో జరిగేది కంటికి ఆనదు, ఆ పని కెమెరా మాత్రమే చేయగలదు. కానీ వీడియో ఒక్కటే ఉంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమం రుబీడియం, సీజియం వేసినప్పుడు స్నానాల తొట్టె తునాతునకలైనట్టు చూపించింది. అసలు లోహాలు అంత గొప్పగా పేలకపోవడంతో వేరే పేలుడు పదార్థం అమర్చారు. ఆ దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. గ్రాముకు ఒకటిన్నర కిలోజౌళ్లు అన్న లెక్క తెలిసినవాళ్లు దాన్ని నమ్మరు. క్రమం ఒక్కటే నేర్చుకున్నవాళ్లు, కిందికి పోయేకొద్దీ పేలుడు పెద్దదే కదా అని నమ్మేస్తారు.

ల్యాబ్‌లో ఎందుకు చేయరన్నదానికి అందరూ చెప్పే కారణం భద్రత. నేను లోగడ పనిచేసిన ఒక కాలేజీలో సోడియం సీసాను బీరువాలో పెట్టి తాళం వేశారు. భయం అర్థం చేసుకోగలను. కానీ ఆ తాళం పిల్లల్ని దేన్నుంచి కాపాడుతోందో ఆలోచించాలి. హైదరాబాద్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్లలో చాలామంది చివరికి వెళ్లేది జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల వైపే. అక్కడి బల్క్ డ్రగ్స్ (మందుల ముడి రసాయనాలు) తయారీలో సోడియం హైడ్రైడ్, సోడియం మెథాక్సైడ్, బ్యూటైల్ లిథియం వాడకం మామూలు విషయం, కొన్నిచోట్ల సోడియం లోహమే వాడతారు. ఇవన్నీ నీళ్లు తగిలితే తిరగబడేవే. డిగ్రీలో లాసైన్ పరీక్ష (కర్బన పదార్థంలో ఏ మూలకాలున్నాయో చూసే పరీక్ష) కోసం సోడియాన్ని ఇగ్నిషన్ ట్యూబులో కరిగించినప్పుడు తప్ప, మన విద్యార్థికి ఈ కుటుంబంతో ముఖాముఖి ఉండదు. బియ్యపు గింజంత ముక్క బుసకొట్టడం ఎన్నడూ చూడని కుర్రాడు నైట్ షిఫ్టులో రియాక్టర్ ముందు నిలబడి క్వెంచింగ్, అంటే చర్యలో మిగిలిన ఇలాంటి పదార్థాన్ని జాగ్రత్తగా చంపే పని, చేస్తాడు. చిన్న ముక్కకు పుట్టిన వేడి చుట్టూ ఉన్న నీళ్లలోకి పోయే వీలుంటుంది. ముక్క పెద్దదైతే ఘనపరిమాణం పెరిగినంతగా ఉపరితలం పెరగదు, వేడికి బయటపడే దారి ఉండదు. ఈ తేడా సూత్రంగా చెబితే మరిచిపోతారు. గింజంత ముక్కను చూపించి, నిమ్మకాయంత అయితే ఏమవుతుందో ఊహించమంటే మరిచిపోరు.

సగం చదువు ఇంకో వైపు నుంచీ కాటేస్తుంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక హోటల్ భవనం కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు రేగి 8 మంది చనిపోయారు. ఆ తర్వాత స్టాఫ్ రూమ్‌లోనూ, మా అపార్ట్‌మెంట్ మీటింగులోనూ ఒకే మాట విన్నాను: "అది లిథియం, నీళ్లు పోస్తే ఇంకా పేలుతుంది." ఇది పాఠం నుంచి నేరుగా వచ్చిన తప్పు. లిథియం అయాన్ బ్యాటరీలో లిథియం మామూలుగా లోహపు ముద్దగా ఉండదు. అయాన్లుగా ఒక ఎలక్ట్రోడ్ నుంచి ఇంకోదానికి తిరుగుతుంటుంది, గ్రాఫైట్ పొరల మధ్య ఒదిగి ఉంటుంది. మండేది ఎక్కువగా అందులోని కర్బన ద్రావణి. ఒక సెల్ వేడెక్కి పక్క సెల్‌ను వేడెక్కించే గొలుసును తెంచాలంటే చల్లబరచాలి. అందుకే ఫైర్ సిబ్బంది వాటి మీద పెద్ద మొత్తంలో నీళ్లే వాడతారు. సోడియం లోహం మంటల విషయం పూర్తిగా వేరు: నీళ్లు పనికిరావు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు, పొడి ఇసుక గానీ పొడి ఉప్పు గానీ కావాలి. రెండిటినీ ఒకే గాటన కట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. స్కూటర్ బ్యాటరీలోంచి పొగ వస్తుంటే మామూలు మనుషులు చేయాల్సింది బయటికి పరుగెత్తడం, 101కి ఫోన్ చేయడం. ఆ పొగ విషం.

ఇంకో మాట కూడా చెప్పాలి, పిల్లలు దీన్ని వింటూ కళ్లు పెద్దవి చేసుకుంటారు కాబట్టి. నీళ్లంటే పడని ఈ సోడియాన్నే తమిళనాడులోని కల్పాక్కంలో ఫాస్ట్ రియాక్టర్ అనే అణు విద్యుత్ రియాక్టర్‌ను చల్లబరచడం కోసం వెయ్యి టన్నులకు పైగా కరిగించి పైపుల్లో పారిస్తారు. ఆవిరి జనరేటర్‌లో దానికీ నీటికీ మధ్య ఉండేది ఉక్కు గొట్టం గోడ మాత్రమే. ఆ రియాక్టర్ కోర్‌లో అమర్చే భాగాలు తయారయ్యేది మన మౌలాలి పక్కనున్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో. ఆ కాంప్లెక్స్ మీదుగా రోజూ కాలేజీకి వచ్చే పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు.

చూపించాలంటే పద్ధతిగా చూపించాలి. సోడియం బియ్యపు గింజంతే, పొటాషియం అందులో సగం. వెడల్పాటి తొట్టె, ముందు పారదర్శకమైన అక్రిలిక్ పలక, అందరికీ కళ్లద్దాలు, మొదటి వరుస కనీసం రెండు మీటర్ల వెనక. పరీక్షనాళికలో వేయడం, పైన గరాటు బోర్లించడం ఎప్పుడూ చేయకూడదు. ముక్క గాజు గోడకు అంటుకుంటే దగ్గరికి వంగి చూడకూడదు, బుస ఆగాక కూడా కాసేపు ఆగాలి, చివరి టప్‌లోనే కరిగిన సోడియం కళ్లలోకి ఎగిరేది. పాత పొటాషియం మీద పసుపు పెచ్చు కట్టి ఉంటే అది సూపరాక్సైడ్, దాన్ని చాకుతో కోస్తే చేతిలోనే పేలవచ్చు, ముట్టుకోవద్దు. మిగిలిన సోడియం తునకల్ని సింకులో పడేయకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దికొద్దిగా వేసి కరిగించాలి. పిల్లలెవరూ దీన్ని ఇంట్లో చేయకూడదు, ఎక్కడ దొరికినా కొనకూడదు. ఈ మాట వాళ్లకు ముందూ చెబుతాను, తర్వాతా చెబుతాను.

తాళం తీయించడం అన్ని చోట్లా నా చేతుల్లో లేదు. పుస్తకం మార్చడం అసలే లేదు. కానీ స్పాట్ వాల్యుయేషన్‌లో ఇంటర్ జవాబు పత్రాలు దిద్దడానికి కూర్చునేది మన లెక్చరర్లమే. క్షార లోహాలు నీటితో తీవ్రంగా చర్య జరపడానికి కారణం రాయమన్నప్పుడు ఏ విద్యార్థి అయినా ఎలక్ట్రాన్లు ముందు నీళ్లలోకి పోతాయనీ, మిగిలిన ధన అయాన్లు వికర్షించుకుని లోహం చీలుతుందనీ రాస్తే, మార్కుల స్కీమ్‌లో ఆ వాక్యం లేదని మార్కులు కోయకండి. ఆ పేపరు పట్టుకుని చీఫ్ ఎగ్జామినర్ బల్ల దగ్గరికి వెళ్లి మాట్లాడండి. నేను అలాగే చేస్తాను.